పదును పోకముందే

ఉయ్యాలవాడ, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతాల్లో డిగ్రీ పట్టా చేతబట్టుకొని దారి వెతుక్కుంటున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా!

ఉయ్యాలవాడ పేరు ఎక్కడ చెప్పినా ఎదుటివాళ్ళు ఆ ఊరి నరసింహారెడ్డిని తలుచుకుంటారు. 1846లో కుంపిణీ దొరతనం మీద తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబం ఎక్కిన మనిషి. ఓర్వకల్లు విమానాశ్రయానికి 2021లో ఆయన పేరే పెట్టుకున్నాం. ఆ తెగువ మీ నెత్తుట్లో ఉందని సభల్లో చెబుతారు, మీరు చప్పట్లు కొడతారు. నేనూ కొట్టాను. కానీ ఇవాళ మిమ్మల్ని పిలవడానికి నాకు అదే ఊరి ఇంకో పేరు కావాలి. బుడ్డా వెంగళరెడ్డి.

1866లో కరువొచ్చింది. అదే ఏడు ఒరిస్సాలో లక్షల మంది తిండిలేక చచ్చిపోయారు. మన సీమలోనూ గింజ కరువైంది. ఉయ్యాలవాడలో వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి, గంజి కాయించి, వేలమందికి పోసి బతికించాడు. విక్టోరియా రాణి పేరున ఆయనకు బంగారు పతకం వచ్చింది. మీ అవ్వాతాతలు ఈ కథ చెప్పే ఉంటారు, ఆయన దానగుణం గురించి చెప్పి ఉంటారు. నేను మాత్రం ఆ గంజి పొయ్యి గురించి మాట్లాడాలనుకుంటున్నాను.

ఒక కాగితం, పెన్ను తీసుకోండి. వేలమంది సంగతి పక్కనపెట్టి, వెయ్యిమందికే లెక్క కట్టండి. పూటకు మనిషికి నూరు గ్రాముల పిండి అనుకుంటే వెయ్యిమందికి ఒక క్వింటా. రెండు పూటలైతే రోజుకు రెండు. మూడు నెలలు నడపాలంటే నూట ఎనభై క్వింటాళ్ళు. అంత గింజ ఎక్కడి నుంచి వస్తుంది, ఏ బండి మీద వస్తుంది, ఎవరు విసురుతారు? కట్టెలు ఎన్ని మోపులు? ఊరి బావి అడుగంటుతుంటే నీళ్ళు ఎక్కడివి? వరసలో నిలబడలేని ముసలివాళ్ళకు ఎవరు అందించాలి? ఇక్కడ గంజి పోస్తున్నారని తెలిసి పక్క ఊళ్ళవాళ్ళు కూడా వస్తారు, రేపు వరస రెట్టింపవుతుంది. అప్పుడు గిన్నె సగం చేయాలా, పొయ్యిలు పెంచాలా? అన్నిటికీ మించి, వాన ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. మూడు నెలలకని లెక్క వేసిన గింజ ఐదు నెలలకు సరిపెట్టాల్సి వస్తే?

జాలిగుండె ఉన్నవాళ్ళు ఆ రోజుల్లో ఇంకా ఎందరో ఉండి ఉంటారు. ఆ జాలిని గాదె నుంచి పొయ్యికి, పొయ్యి నుంచి గిన్నెకు, గిన్నె నుంచి ఆకలిగొన్న నోటికి, ఒక్క రోజు కూడా తెగకుండా చేర్చడం వేరే పని. ఆ పనికి ఇప్పుడు లోకం పెట్టిన పేరు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్. మీరు దాన్ని నేర్చుకోవాలి, పరీక్ష రాయాలి, పాసవ్వాలి. నేను ఈ నాలుగు మాటలు రాస్తున్నది అందుకే.

మీ ఊరి జనం ఆ కరువు పడుతున్న రోజుల్లోనే, మీ నేల మీదే, ఇంకొక పెద్ద పని నడుస్తోంది. 1863లో మొదలై 1870 దాకా సాగిన కర్నూలు–కడప కాలువ. మనం కేసీ కెనాల్ అంటాం. లండన్ షేర్‌హోల్డర్ల డబ్బుతో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వింది. పది లక్షల పౌండ్ల పెట్టుబడికి ఐదు శాతం వడ్డీకి సర్కారు పూచీ. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట, అక్కడి నుంచి కడప దాకా మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు కాలువ. నీళ్ళూ పారాలి, పడవలూ నడవాలి. ఇంజనీరింగ్ చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. డబ్బు లెక్క చూస్తే కంపెనీ మునిగింది. చివరికి 1882లో సర్కారే కాలువను కొనుక్కోవాల్సి వచ్చింది.

ఎందుకు మునిగింది? ఖర్చు అంచనా దాటడం ఒక కారణం. నాకు ముఖ్యంగా కనిపించే కారణం ఇంకొకటి. కాలువ పారిన చాలాచోట్ల మనది నల్లరేగడి. ఆ నేలలో జొన్న, పత్తి వానకే పండుతాయి. తడి ఎక్కువైతే రేగడి ఏమవుతుందో రైతుకు తెలుసు. నీటి తీరువా కట్టి, పొలం చదునుచేసి, తాతల నాటి పంట మార్చి వరి వేయడానికి ఆ రైతు వెంటనే ముందుకు రాలేదు. గట్టు మీద నిలబడి చూస్తే కింద నీళ్ళు పోతూనే ఉన్నాయి, కొనేవాళ్ళు లేరు. ఎవరికోసం తవ్వుతున్నామో వాళ్ళను తవ్వకముందు సరిగ్గా అడగలేదు. నూట యాభై ఏళ్ళ తర్వాత అదే కాలువ కింద రెండు లక్షల అరవై ఐదు వేల ఎకరాల ఆయకట్టు ఉంది, నంద్యాల బియ్యం పేరు మోగుతోంది. అంటే కాలువ తప్పు కాదు, నేల తప్పు కాదు. అడగాల్సిన మనిషిని అడగాల్సిన వేళ అడగకపోవడమే తప్పు. పరీక్ష పుస్తకాల్లో ‘స్టేక్‌హోల్డర్’ (ఆ పనితో లాభమో నష్టమో ఉన్న మనిషి) అనే మాట వందసార్లు కనిపిస్తుంది. కనిపించినప్పుడల్లా ఆ గట్టున నిలబడి నీళ్ళవంక చూస్తున్న రేగడి రైతును గుర్తు తెచ్చుకోండి. ఆ మాట ఇక మరిచిపోరు.

మన కాలంలోదీ ఒకటి చెబుతాను. నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గం 1996–97 రైల్వే బడ్జెట్‌లో మంజూరైంది. బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా రైలు నడిచింది 2016 ఆగస్టులో. ఆ మంజూరు నాడు పుట్టిన బిడ్డ, రైలు వచ్చేనాటికి డిగ్రీకి వచ్చింది. ఖర్చు మొదటి అంచనాకు ఎన్నో రెట్లయింది. దీనికి ఏ ఒక్కరినీ నిందించను. భూమి, నిధులు, టెండర్లు, అనుమతులు, ప్రతి ముడికీ దాని కథ దానికుంటుంది. కానీ ఆ ఇరవై ఏళ్ళలో కోవెలకుంట్ల నుంచి రైలెక్కి చదువుకు పోవాల్సిన ఆడపిల్లలు ఎంతమంది ఇంట్లో ఆగిపోయి ఉంటారో తలుచుకుంటే నాకు కడుపు రగులుతుంది. పని ఆలస్యమైతే కాగితం మీద తేదీ మారుతుంది. ఊళ్ళో ఒక తరం మారిపోతుంది. మన సీమకు ఇంకా ఎన్నో పనులు కావాలి, వాటిని చేతికి తీసుకొని ఆఖరిదాకా నడిపేవాళ్ళు కావాలి. వాళ్ళు బయటి నుంచి ఎందుకు రావాలి? మీరున్నారు కదా!

ఇక పరీక్ష సంగతికి వద్దాం.

ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ 1969లో అమెరికాలో పుట్టింది. 1984 నుంచి పీఎంపీ అనే పరీక్ష పెడుతోంది. ప్రపంచమంతా గుర్తించే పట్టా అది. హైదరాబాద్‌లో ఆ సంస్థకు పెర్ల్ సిటీ చాప్టర్ ఉంది, ఆ పట్టా ఉన్న తెలుగువాళ్ళు గల్ఫ్ నిర్మాణ కంపెనీల నుంచి అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీల దాకా ఉన్నారు. నాలుగేళ్ళ డిగ్రీ ఉన్నవాళ్ళకు ప్రాజెక్టులు నడిపిన అనుభవం మూడేళ్ళు కావాలి, ముప్పై ఐదు గంటల శిక్షణ కావాలి. మీలో చాలామందికి ఇంకా ఆ అనుభవం లేదు. దిగులు పడకండి. అదే సంస్థ క్యాప్‌ఎమ్ అని ఇంకో పరీక్ష పెడుతుంది. దానికి అనుభవం అడగరు. ఇంటర్ స్థాయి చదువు, ఇరవై మూడు గంటల శిక్షణ చాలు. నూట యాభై ప్రశ్నలు, మూడు గంటలు. ముందు అది రాయండి, ఉద్యోగంలో చేరండి, మూడేళ్ళు కళ్ళు తెరిచి పనిచేయండి, ఆ తర్వాత పెద్దదానికి వెళ్ళండి.

పీఎంపీలో 2021 జనవరిలో వచ్చిన పద్ధతి ప్రకారం నూట ఎనభై ప్రశ్నలు, రెండు వందల ముప్పై నిమిషాలు ఉండేవి. అంటే ప్రశ్నకు డెబ్బై ఏడు సెకన్లు కూడా ఉండేవి కావు. అరవై ప్రశ్నలకోసారి పది నిమిషాల విరామం ఇచ్చేవారు, విరామం తీసుకున్నాక వెనకటి ప్రశ్నలకు తిరిగి వెళ్ళనిచ్చేవారు కాదు. ఆ పద్ధతిలో మనుషుల గురించి నలభై రెండు శాతం, పని నడిపే తీరు గురించి యాభై శాతం, మిగిలిన ఎనిమిది వ్యాపార వాతావరణం గురించి. ఈ వాటాలను, వ్యవధిని కొన్నేళ్ళకోసారి మారుస్తుంటారు, 2026 మార్పులో మూడో వాటా బాగా పెరిగింది. కాబట్టి ఫీజు కట్టకముందు ఆ రోజుకు ఏది అమల్లో ఉందో సంస్థ ప్రకటనలోనే చూసుకోండి. సీనియర్ చెప్పాడని, రెండేళ్ళ కిందటి పుస్తకంలో ఉందని నమ్మొద్దు.

మనుషుల వాటా గురించి నేను ఆగి చెప్పాలి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే.

కాలువ లైనింగ్ పనుల మీద, ఆ తర్వాత భవనాల పనుల మీద ఏళ్ళ తరబడి తిరిగినవాణ్ణి. సూత్రాలన్నీ కంఠతా పట్టి మొదటిసారి పరీక్షకు కూర్చున్నాను. ఫెయిలయ్యాను. ఫలితం కాగితంలో పని నడిపే తీరు భాగం బాగానే ఉంది. మనుషుల భాగంలో అట్టడుగున పడ్డాను. ఇంటికొచ్చి ఆలోచించాను. ప్రశ్నలో ఇద్దరు జట్టు సభ్యులు పోట్లాడుకుంటున్నారని చదవగానే నా చేయి ‘పై అధికారికి చెప్పు’ అనే జవాబు మీదికో, ‘ఒకరిని తీసేయి’ అనే జవాబు మీదికో పోయింది. సైటు మీద నేను నేర్చుకున్నది అదే మరి. ఇద్దరినీ కూర్చోబెట్టి, అసలు ఎక్కడ తేడా వచ్చిందో వినడం నాకు ఎవరూ నేర్పలేదు. ఆ పరీక్ష నా జ్ఞాపకశక్తిని కొలవలేదు, ఇన్నాళ్ళూ నేను మేస్త్రీలతో, కూలీలతో ఎలా మాట్లాడానో కొలిచింది. రెండోసారి పాసవడానికి ముందు నేను నా సైటులో మాట్లాడే తీరు మార్చుకున్నాను. పట్టాకంటే అదే నాకు ఎక్కువ మిగిలింది.

ప్రశ్నలు ఎలా ఉంటాయో మన ఆళ్లగడ్డ శిల్పుల పనితోనే చెబుతాను. ఒక ఊరి గుడి కమిటీ విగ్రహం చేయమని ఆళ్లగడ్డ వచ్చింది అనుకోండి. ప్రతిష్ఠ ముహూర్తం ఖాయమైపోయింది, ఆహ్వాన పత్రికలు అచ్చయ్యాయి. ఆ తేదీ వెనక్కి జరగదు. శిల్పి రాయిని తట్టి మోత వింటాడు, లోపల పగులుందో లేదో చూస్తాడు. ముప్పును పని మొదలుకాకముందే పసిగట్టడమంటే అదే. ముక్కు చెక్కేటప్పుడు ఉలి జారితే మళ్ళీ అతికించేది ఉండదు, కొత్త రాయి తేవాల్సిందే. అందుకే సున్నితమైన చెక్కుడు ఎప్పుడు, ఎవరి చేతిలో పడాలో అతనికి ముందే తెలుసు. శిష్యుడికి ఏది ఇవ్వాలి, తను ఏది పట్టుకోవాలి అన్న లెక్క ఉంటుంది. సగం పని అయ్యాక కమిటీ పెద్ద వచ్చి “మకరతోరణం కూడా పెట్టు స్వామీ, బాగుంటుంది” అన్నాడు. ఇప్పుడు శిల్పి ఏం చేయాలి?

పరీక్షలో ఇదే ప్రశ్న. ‘సరే’ అనేయడం ఒక జవాబు. ‘కుదరదు’ అనడం ఒక జవాబు. ‘మీ అధ్యక్షుణ్ణి పిలవండి’ ఇంకొకటి. ‘తోరణం వల్ల ఎన్ని రోజులు, ఎంత రాయి, ఎంత డబ్బు పెరుగుతుందో చూసి, ముహూర్తానికి ఏమవుతుందో వాళ్ళ ముందు పెట్టడం’ నాలుగోది. ఆళ్లగడ్డలో అనుభవమున్న ఏ శిల్పి అయినా నాలుగోదే చేస్తాడు. ఆ బుద్ధి మీ పక్క వీధిలోనే ఉంది. ఒకరోజు వెళ్ళి, అడిగి, పనికి అడ్డం రాకుండా ఒక పూట కూర్చుని చూడండి. పుస్తకంలో ఒక అధ్యాయానికి సరిపడా నేర్చుకుంటారు.

లెక్కల భాగం గురించి భయపడేవాళ్ళకు ఒక్కటి చెబుతాను. మీ వీధిలో సిమెంట్ రోడ్డు వేస్తున్నారు. నూరు మీటర్లు, పది రోజులు, మీటరుకు రెండు వేల చొప్పున రెండు లక్షలు. ఐదో రోజు సాయంత్రానికి లక్ష ఖర్చయింది, నలభై మీటర్లు పడింది. చూసినవాళ్ళంతా ఏమంటారు? “సగం రోజులయ్యాయి, సగం డబ్బయింది, బాగానే నడుస్తోంది” అంటారు. మీరు అనకూడదు. నలభై మీటర్ల విలువ ఎనభై వేలే. లక్ష పెట్టి ఎనభై వేల పని చేశారు. ఎనభైని నూరుతో భాగిస్తే సున్నా పాయింట్ ఎనిమిది. ఈ తీరునే పోతే రెండు లక్షల రోడ్డుకు రెండున్నర లక్షలవుతుంది, పది రోజుల పనికి పన్నెండున్నర రోజులవుతుంది. దీన్నే ఎర్న్‌డ్ వాల్యూ అంటారు. భాగహారం వస్తే చాలు. ఈ లెక్క వచ్చిన ఒక్క మనిషి గ్రామసభలో లేచి నిలబడి ఐదో రోజునే అడిగితే పదో రోజు రచ్చబండ దగ్గర గొడవ ఉండదు.

చెల్లెళ్ళకు ప్రత్యేకంగా చెబుతున్నాను. మీ అమ్మ పొదుపు సంఘంలో ఉంటే ఆ లెక్కల పుస్తకం ఒకసారి అడిగి తీసి చూడండి. ఎవరికి ఎంత అప్పు, ఏ నెల కట్టాలి, ఎవరింట్లో కష్టం వచ్చింది, వాళ్ళకు ఎన్నాళ్ళు గడువు ఇవ్వాలి, మిగతావాళ్ళను ఎలా ఒప్పించాలి, ఇదంతా ఆమె ఎవరి దగ్గరా కోర్సు చేయకుండానే నడుపుతోంది. ఆమెకు దాని పేరు తెలియదు, అందుకే దాని జీతం కూడా రాలేదు. మీకు పేరు తెలియాలి. ఇంట్లో పెళ్ళి చేయించిన అనుభవం పీఎంపీ దరఖాస్తులో రాస్తే చెల్లదు, వృత్తిపరమైన పనిలో ప్రాజెక్టు నడిపి ఉండాలి. కానీ చదివేటప్పుడు మాత్రం ఆ పెళ్ళి, ఆ సంఘం, ఆ ఇల్లు మీకు పెద్ద గురువులు.

ఇంగ్లీషు గురించి మీ గుండెల్లో గుబులు నాకు తెలుసు. పరీక్ష తెలుగులో ఉండదు. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు మొదటి పది పేజీలకే పుస్తకం మూసేస్తారు. మూయకండి. నేను ఒక పద్ధతి చెబుతాను, చేసి చూడండి. రోజుకు నాలుగు పేజీలే చదవండి. పుస్తకం మూసి, చదివినదాన్ని తెలుగులో, మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో, ఎవరికైనా చెప్పండి. తమ్ముడికి చెప్పండి, నాయనకు చెప్పండి. “రిస్క్ రెస్పాన్స్ అంటే ఏంది రా?” అని మీ నాయన అడిగితే, “బోరు ఎండిపోతదేమో అని ముందే పక్క రైతుతో నీళ్ళకు మాట చేసుకుంటావు చూడు, అది నాయనా” అని చెప్పగలిగితే మీకు ఆ పాఠం వచ్చేసినట్టే. చెప్పలేకపోతే రాలేదు, ఇంకోసారి చదవండి. ఎన్‌పీటెల్ వెబ్‌సైట్‌లో మన ఐఐటీల అధ్యాపకులు చెప్పిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పాఠాలు పైసా ఖర్చు లేకుండా వినొచ్చు. అర్థం కానిచోట ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ వినండి. ఎవరూ నవ్వరు.

ఇంకో మాట. పాత పరీక్షలో ప్రశ్నలివే అని డబ్బు తీసుకొని అమ్మేవాళ్ళు మీ ఫోన్లోకి వస్తారు. చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం రాసిస్తామనేవాళ్ళూ వస్తారు. వాళ్ళకు జవాబు కూడా ఇవ్వకండి. దరఖాస్తుల్లో కొన్నిటిని సంస్థ తీసి తనిఖీ చేస్తుంది, పైవాళ్ళ సంతకాలు అడుగుతుంది. ఈ మాట మీరు దొరికిపోతారన్న భయంతో చెప్పడం లేదు. రేపు మీ సంతకం మీద ఒక వంతెన నిలబడాలి, ఒక ఆసుపత్రి తెరుచుకోవాలి. మొదటి సంతకమే అబద్ధమైతే తర్వాత వేసే సంతకాలను మీరే నమ్మలేరు.

ఇప్పుడు నూరు రోజుల మాట.

మీ పొలాల్లో శనగ వేస్తారు. పదును చూసి విత్తుతారు. వాన పడి నేల తడిసి, కాలుకు అంటుకోకుండా, నాగలి పట్టుకు లొంగేంతగా ఆరిన ఆ కొద్ది రోజులే పదును. ఆ రోజుల్లో విత్తనాల మూట ఇంట్లో లేకపోతే, ఎడ్లో ట్రాక్టరో దొరక్కపోతే, ఆ ఏడు శనగ పోయినట్టే. అంత ఖచ్చితంగా తేదీ పాటించే మీ ఇంట్లో పుట్టిన పిల్లలు చదువు దగ్గరికి వచ్చేసరికి ‘వచ్చే నెల చూద్దాం’ అంటారు. ఎందుకంటారు? చదువుకు పదును లేదనుకుంటారు. ఉంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వయసులో ఇంటి బరువు పూర్తిగా మీ మీద పడకముందు, బుర్ర తేలిగ్గా ఉన్న ఆ రెండు మూడేళ్ళే అది.

శనగ కోతకు రావడానికి సుమారు నూరు రోజులు. మీ చదువుకూ నూరు రోజులే పెట్టుకోండి. రోజుకు రెండు గంటలు, తెల్లవారుజామున అయితే మేలు. మొదటి నలభై రోజులు పుస్తకం చదవడం, ఇంట్లో చెప్పడం. ఆ తర్వాత రోజూ ముప్పై, నలభై ప్రశ్నలు. తప్పయిన ప్రతి ప్రశ్ననూ ఒక నోటుబుక్కులో రాయండి. జవాబు ఏది అన్నది కాదు, నేను ఎందుకు తప్పు పెట్టాను అన్నది రాయండి. తొందరపడి చదివానా, మాట అర్థం కాలేదా, నా సొంత అలవాటు నన్ను లాగిందా? నెల తిరిగేసరికి ఆ నోటుబుక్కు మీకు మీ బొమ్మ చూపిస్తుంది. కొంచెం నొప్పిగానే ఉంటుంది, నాకూ ఉండింది. ఆఖరి మూడు వారాల్లో నాలుగైదుసార్లు, ఏకబిగిన, ఫోన్ పక్కగదిలో పెట్టి, మొత్తం పరీక్ష రాయండి. మూడు, నాలుగు గంటలు కదలకుండా కూర్చోవడం కూడా ఒక విద్య, అది అలవాటు కాకపోతే నూట ఇరవయ్యో ప్రశ్న దగ్గర తెలిసినవే తెలియకుండా పోతాయి.

మధ్యలో లెక్క తప్పుతుంది. జ్వరమొస్తుంది, జాతర వస్తుంది, చేలో మందు కొట్టడానికి మనిషి దొరకడు. వారం పోతుంది. అప్పుడు ‘ప్లాన్ చెడింది’ అని వదిలేయకండి. మీ నాయన ఏం చేస్తాడు? వాన వారం ఆలస్యమైతే ఏడాది సేద్యం మానేస్తాడా? పడిన వానను చూసి, నేలను చూసి, ఇది కుదరకపోతే అదని పంట మార్చుకుంటాడు. 2001లో అమెరికాలో పదిహేడుమంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కొండల్లో ఒకచోట కూర్చుని రాసుకున్న ఎజైల్ ప్రకటనలో ముఖ్యమైన మాటల్లో ఒకటి ఇదే. పెట్టుకున్న ప్రణాళికను పట్టుకు వేలాడటం కంటే వచ్చిన మార్పుకు తగ్గట్టు నడుచుకోవడం మేలని. ఇవాళ పీఎంపీ ప్రశ్నల్లో చాలా భాగం ఆ పద్ధతుల చుట్టూనే తిరుగుతాయి. సీమ రైతు బిడ్డకు అది కొత్త పాఠమా చెప్పండి!

ఫీజు డాలర్లలో ఉంటుంది, మన ఇళ్ళకు బరువే. అందుకే మాక్ పరీక్షల్లో గట్టిగా నిలబడ్డాకే తేదీ తీసుకోండి. దరఖాస్తు ఒప్పుకున్నాక ఏడాదిలో మూడుసార్లు రాసే వీలుంది కానీ ప్రతిసారీ డబ్బు కట్టాలి. ఒక్కరే చదవకండి. నలుగురు కలవండి. పుస్తకం ఒకటి కొని నలుగురూ చదువుకోండి, ఒకరు చెబుతుంటే ముగ్గురు ప్రశ్నలు వేయండి. నలుగురిలో ఒకరికి ముందు పట్టా వస్తే ఆ ఒక్కరూ మిగతా ముగ్గురి ఫీజులో చేయి వేయండి. వేలమందికి గంజి పోసిన ఊరివాళ్ళు మీరు. ముగ్గురికి ఆసరా కాలేరా?

ఇవాళ రాత్రి చేయాల్సింది ఒక్కటే. కొత్త నోటుబుక్కు తెరిచి మొదటి పేజీలో మీ పేరు, ఏ పరీక్ష, ఎవరితో కలిసి, నూరో రోజు ఏ తేదీన పడుతుంది, ఈ నాలుగూ రాయండి. కింద మీ ఇంట్లో ఒకరి చేత సంతకం పెట్టించండి. అమ్మ వేలిముద్ర వేసినా సరే. పెద్ద కంపెనీల్లో దీన్నే ప్రాజెక్ట్ చార్టర్ అంటారు, పై అధికారి సంతకం లేకుండా అక్కడ ఏ పనీ మొదలుకాదు.

నెలకు రెండు ఆదివారాలు నేను నంద్యాల నుంచి బయలుదేరి వస్తాను. కోవెలకుంట్లలో అయినా సరే, ఉయ్యాలవాడలో బడి వరండాలో అయినా సరే, మీరు ఎక్కడ కూర్చుంటే అక్కడికే. పొద్దున ఏడింటికల్లా ఉంటాను. పుస్తకం లేకపోయినా ఫరవాలేదు, నా దగ్గర ఉంది. తప్పుల నోటుబుక్కు మాత్రం తెచ్చుకోండి. ముందు నాది మీకు చూపిస్తాను, తర్వాత మీవి చూద్దాం.